బుల్లెట్ నాడి: ఆగిపోయిన పాత బండిలో కరెంటు ఎక్కడ తప్పిపోతుంది?

రంగు వేయించి తెచ్చిన తొమ్మిదో రోజున మా బుల్లెట్ ఆగిపోయింది. మా నాన్నగారి 350 అది. 6 వోల్టుల బ్యాటరీ కాలం నాటిది. ఇంజను దింపి, ఛాసిస్ మొత్తం తుప్పు రాలగొట్టించి, పౌడర్ కోటింగ్ వేయించి, మళ్ళీ బిగించాం. పెళ్ళికొడుకులా తయారైంది. మొదటి రోజు నుంచే స్టార్టింగ్‌కి కాస్త మొండికేస్తున్నా, కొత్త రంగు మురిపెంలో నేను పట్టించుకోలేదు. తొమ్మిదో రోజు పొద్దున ముప్పై కిక్కులు కొట్టినా ఉలుకూ పలుకూ లేదు.

మెకానిక్కు ప్లగ్గు మార్చాడు. లాభం లేదు. పాయింట్లు, అంటే ఇంజను తిరిగేకొద్దీ కలిసి విడిపోతూ ఉండే రెండు లోహపు ముఖాలు, మార్చాడు. రెండు వీధులు నడిచి ఆగింది. తర్వాత కండెన్సర్, ఆ తర్వాత కాయిల్. వారం తిరిగేసరికి నాలుగూ కొత్తవే, బండి మాత్రం స్టాండు మీదే. తప్పు మెకానిక్కుది అనలేను. “ప్లగ్గులో కరెంటు రావట్లేదు, ఏదో ఒకటి మార్చెయ్” అని తొందర పెట్టింది నేనే. అతను ఏదో ఒకటి మార్చాడు.

“కరెంటు రావట్లేదు” అనే మాట దగ్గరే మనం దారి తప్పుతాం. పాత బండిలో కరెంటు ఒకటి కాదు, రెండు. ఈ రెండిటినీ విడదీసి చూస్తే తప్ప, ఎన్ని సామాన్లు మార్చినా అది చీకట్లో రాయి విసరడమే.

మొదటిది బ్యాటరీ కరెంటు. బ్యాటరీ నుంచి ఫ్యూజు, కరెంటు ఎంత పారుతోందో చూపే ఆమీటర్, తాళం చెవి స్విచ్చి దాటి, కాయిల్‌లోని లావు తీగ చుట్టలోకి వెళ్ళి, అక్కడి నుంచి పాయింట్ల మీదుగా ఇంజను బాడీకి దిగి, ఛాసిస్ ద్వారా తిరిగి బ్యాటరీకి చేరుతుంది. 6 వోల్టులో 12 వోల్టులో, అంతే. ఇంజను తిరగనప్పుడు చేత్తో పట్టుకున్నా ఏమీ కాదు. రెండోది కాయిల్ లోపల సన్న తీగ చుట్టలో పుట్టే కరెంటు. దీని దారి చాలా పొట్టిది: కాయిల్ నుంచి నల్లటి లావు వైరు, ప్లగ్గు క్యాప్, ప్లగ్గు. కానీ వోల్టేజీ వేలల్లో ఉంటుంది. పట్టుకుంటే భుజం దాకా కొడుతుంది.

ఈ రెండిటికీ మధ్య ఏ తీగా కలవనక్కర్లేదు. ఒక చుట్టలో అయస్కాంత శక్తి మారితే పక్క చుట్టలో కరెంటు పుడుతుందని ఫారడే 1831లో చూపించాడు. కాయిల్ చేసేది అదే పని. పాయింట్లు కలిసి ఉన్నంతసేపు లావు చుట్టలో కరెంటు పారుతూ అయస్కాంత శక్తి నిండుతుంది. పాయింట్లు విడిపోగానే ఆ శక్తి ఒక్కసారిగా కూలిపోతుంది. సన్న చుట్టలో లావు చుట్ట కంటే దాదాపు వంద రెట్లు చుట్లు ఉంటాయి కాబట్టి అక్కడ వేల వోల్టులు లేస్తాయి. అంటే స్పార్కు పుట్టేది పాయింట్లు కలిసినప్పుడు కాదు, విడిపోయినప్పుడు. చాలామంది దీన్ని తిరగేసి అర్థం చేసుకుంటారు.

మేడ మీది ట్యాంకు నుంచి నీళ్ళు జోరుగా వస్తుండగా కొళాయి ఠక్కున కట్టేస్తే గోడలోని పైపు దడ్‌మని కొట్టుకుంటుంది కదా, కాయిల్‌లో జరిగేది అలాంటిదే. కట్టేయడం ఎంత ఠక్కున జరిగితే దెబ్బ అంత గట్టిది. ఇక్కడే కండెన్సర్ అవసరం పడుతుంది. పాయింట్లు విడిపోతున్న క్షణంలో పారుతున్న కరెంటు ఆగలేక ఆ సందులోంచి దూకబోతుంది. అలా దూకితే పాయింట్లు మాడతాయి, కట్టేయడమూ ఠక్కున జరగదు. పొలాల్లో పైపులైను వేసేటప్పుడు మధ్యమధ్యలో నిలువు గొట్టాలు నిలబెడతారే, మోటారు ఆపిన దెబ్బకి పైపు పగలకుండా, అలా కండెన్సర్ ఆ పొంగును తనలోకి తీసుకుంటుంది. బొటనవేలంత డబ్బా, 0.2 మైక్రోఫారడ్ అటూ ఇటూ. చూడ్డానికి ఏమీ లేదు. అది లేకపోతే కాయిల్ ఎంత కొత్తదైనా స్పార్కు పీలగానే ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పాత బుల్లెట్ హెడ్‌లైటు పైన ఒక గుండ్రటి మీటరు ఉంటుంది, అదే ఆమీటర్. మధ్యలో సున్నా, ఒక పక్క ప్లస్, ఒక పక్క మైనస్. చాలామందికి అది అలంకారం. బ్యాటరీ చార్జి అవుతోందా లేదా అని ఎప్పుడైనా ఒకసారి చూస్తారు. నా మటుకు నాకు ఈ బండి మీద అంతకంటే విలువైన వస్తువు లేదు. పాత వైద్యుడు మణికట్టు పట్టుకుని రోగం చెప్పినట్టు, ఈ ముల్లు మొదటి కరెంటు కథంతా చెబుతుంది. స్క్రూడ్రైవరు కూడా అక్కర్లేదు.

బుల్లెట్ పెద్దవాళ్ళ దగ్గర కిక్కు నేర్చుకున్నవాళ్ళకి ఇది తెలిసిందే: తాళం తిప్పు, కిక్కు రాడ్డు గట్టిపడేదాకా మెల్లగా నొక్కు, సిలిండరులో నొక్కుకున్న గాలిని వదిలేసే డీకంప్రెషన్ లీవరు పట్టుకుని మైనస్‌కి పోయిన ముల్లు మధ్యకి వచ్చేదాకా దించు, లీవరు వదిలి, రాడ్డు పైకి రానిచ్చి, అప్పుడు ఒక్క కిక్కు. ముల్లు మైనస్‌కి పోయిందంటే పాయింట్లు కలిసి కాయిల్‌లోకి మూడు నాలుగు ఆంపియర్లు పారుతున్నాయని. మధ్యకి వచ్చిందంటే పాయింట్లు విడిపోయాయని. కిక్కు కొట్టడం కోసం నేర్పిన ఈ పద్ధతే రోగ నిర్ధారణకి కూడా పనికొస్తుంది.

లైట్లన్నీ ఆపి, తాళం తిప్పి, డీకంప్రెషన్ పట్టుకుని, చేత్తోనే కిక్కు రాడ్డును మెల్లగా దించుతూ ముల్లును చూడండి.

ముల్లు మైనస్‌కి పోయి, మళ్ళీ మధ్యకి వచ్చి, ఇంకోసారి పోయి, ఇలా ఊగుతోందనుకోండి. బ్యాటరీ, ఫ్యూజు, స్విచ్చి, కాయిల్ లావు చుట్ట, పాయింట్లు అన్నిటిలోంచీ కరెంటు పారుతోందన్నమాట. స్పార్కు లేదంటే ఇక వెతకాల్సింది రెండో కరెంటు దారిలో: నల్ల వైరు, క్యాప్, ప్లగ్గు, కాయిల్ సన్న చుట్ట. వాటితో పాటు కండెన్సర్ లోపల తెగిపోయిందేమో కూడా చూడాలి. ఇక్కడ ఇంకో చిన్న గమనిక ఉంది: ముల్లు ఊగడమే కాదు, ఎంత దూరం ఊగుతోందో కూడా చూడాలి. నేను చూడలేదు. ఆ సంగతి తర్వాత.

ముల్లు అసలు కదలడం లేదు, మధ్యలోనే కూర్చుంది. కరెంటు ఎక్కడో తెగింది. అప్పుడు హారన్ కొట్టి, లైటు వేసి చూడాలి. అవీ పని చేయకపోతే బ్యాటరీ, దాని టెర్మినళ్ళు, ఫ్యూజు. అవి పని చేస్తుంటే గొడవ తాళం స్విచ్చికీ పాయింట్లకీ మధ్య. చాలాసార్లు పాయింట్ల ముఖం మీద పేరుకున్న నూనె పొర ఒక్కటే కారణం. నాలుగు నెలలు కదలకుండా నిలబెట్టిన బండిలో మొదట అనుమానించాల్సింది దీన్నే.

ముల్లు మైనస్‌కి పోయి అక్కడే ఉండిపోయింది, కిక్కు ఎంత తిప్పినా మధ్యకి రావడం లేదు. పాయింట్లు విడిపోవడం లేదు, లేదా విడిపోయినా కరెంటుకి ఇంకో దొంగదారి దొరికింది. పాయింట్ల గ్యాపు పూర్తిగా మూసుకుపోయి ఉండొచ్చు. కండెన్సర్ లోపల షార్ట్ అయి ఉండొచ్చు. పాయింట్లు కొత్తగా బిగించినప్పుడు వైరు కింద ఉండాల్సిన, కరెంటును పోనివ్వని ఫైబరు వాషరు తారుమారు అయి ఉండొచ్చు. ఈ మూడోది ఎంత తరచుగా జరుగుతుందో చెప్పలేను. ‘కొత్త పాయింట్లు వేశాక బండి చచ్చిపోయింది’ అని ఎవరన్నా అంటే నేను ముందు ఆ వాషరు వైపే చూస్తాను. కండెన్సర్ వైరు ఒక్కటి ఊడదీసి మళ్ళీ చూస్తే ముల్లు ఊగిందంటే దొంగ కండెన్సరే.

ఇక తాళం తిప్పగానే ముల్లు ఒక్క గెంతుతో చివరికి పోయి గోడకి కొట్టుకుందంటే వెంటనే తాళం ఆపేయాలి. ఎక్కడో వైరు నలిగి నేరుగా ఛాసిస్‌కి తగులుతోంది. ఫ్యూజు స్థానంలో ఎవరో మహానుభావుడు సిగరెట్ పెట్టెలోని వెండి రేకు చుట్టి ఉంటే పొగ కూడా చూస్తారు.

ఆమీటరే రోగి అయ్యే సందర్భాలూ ఉన్నాయి. కరెంటంతా దాని గుండానే పోతుంది కాబట్టి, వెనక నట్లు వదులైతే బండి మొత్తం పడుకుంటుంది. దారిలో అయితే ఆ రెండు వైర్లూ ఒకే నట్టుకి బిగించి ఇంటికి రావచ్చు. ముల్లు చూపించదు, బండి నడుస్తుంది.

పాయింట్ల గురించి కాస్త తీరిగ్గా చెప్పాలి. మన మెకానిక్కులు వీటిని ‘ప్లాటినం’ అంటారు. పేరు ప్లాటినమే గానీ అందులో ఉండేది సాధారణంగా టంగ్‌స్టన్. బుల్లెట్‌కి రెండు ముఖాల మధ్య సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. సందు కొలిచే ఫీలర్ గేజు లేకపోతే గడ్డం గీసుకునే రెండంచుల బ్లేడు సుమారు 0.1 మిల్లీమీటరు మందం ఉంటుంది. నాలుగు కలిపి పెడితే సరిపోతుంది, వేళ్ళు జాగ్రత్త. కొలిచేటప్పుడు పాయింట్లు పూర్తిగా తెరుచుకున్న చోట కొలవాలి. సగం తెరుచుకున్న చోట కొలిచి సర్దితే పూర్తిగా తెరుచుకున్నప్పుడు సందు మరీ ఎక్కువైపోతుంది.

ముఖాలు గరుకెక్కితే ఎమరీ కాయితం పెట్టి రుద్దడం మనకి అలవాటు. దాని గింజలు లోహంలో ఇరుక్కుపోతాయి. ఆ గింజలు కరెంటును పోనివ్వవు. సన్నటి పాయింట్ ఫైలుతో రెండు గీతలు గీసి, పెట్రోలులో తడిపిన గుడ్డతో తుడిచి, చివరగా శుభ్రమైన తెల్ల కాయితం మధ్యలో పెట్టి లాగితే చాలు. కాయితం మీద నల్ల గీత రావడం మానేదాకా లాగాలి. ఒక ముఖం మీద గుంట, రెండో ముఖం మీద చిన్న గుట్ట లేచిందంటే కండెన్సర్ ఆ బండికి తగింది కాదని అనుమానించవచ్చు.

సందుకీ, స్పార్కు ఎప్పుడు పడాలో తేల్చే టైమింగ్‌కీ ఉన్న ముడి చాలామందికి తెలియదు. సందు పెరిగితే పాయింట్లు ముందుగా విడిపోతాయి, అంటే స్పార్కు ముందుకి జరుగుతుంది. సందు తగ్గితే వెనక్కి జరుగుతుంది. పాయింట్లను తెరిచే క్యామ్ మీద రాసుకునే ఫైబరు మడమ అరిగేకొద్దీ సందు తగ్గుతుంది కాబట్టి, ఎవరూ ముట్టుకోకపోయినా ఏడాదికి టైమింగ్ దానంతటదే వెనకపడుతుంది. బండి ‘బరువెక్కింది’ అని, పెట్రోలు ఎక్కువ తాగుతోందని, కార్బొరేటరు విప్పుతాం. క్యామ్ మీద ఒక చుక్క గ్రీజు పెట్టి ఉంటే ఆ మడమ ఇంకా ఎక్కువ కాలం బతికేది. కాబట్టి వరస ఎప్పుడూ ఒక్కటే: ముందు సందు, తర్వాత టైమింగ్. టైమింగ్ సరిచేశాక సందు ముట్టుకుంటే మళ్ళీ మొదటికే.

టైమింగ్ చూడటానికి పాత మేస్త్రీలు సిగరెట్ చుట్టే పల్చటి కాయితం పాయింట్ల మధ్య పెట్టి, ఇంజను మెల్లగా తిప్పుతూ, కాయితం పట్టు వదిలిన క్షణాన్ని గుర్తుపట్టేవాళ్ళు. మనకి అంత చేతివాటం లేకపోయినా ఫర్వాలేదు. ఆమీటర్ ముల్లు మధ్యకి దూకే క్షణం అదే. చిన్న బల్బు ఒకటి పాయింట్ల వైరుకీ బాడీకీ మధ్య పెట్టుకుంటే ఇంకా స్పష్టంగా, విడిపోయిన క్షణాన వెలుగుతుంది.

కిక్కు వెనక్కి తంతోందంటే దాదాపు ఎప్పుడూ స్పార్కు తొందరపడుతోందనే. పాయింట్ల కింద చిన్న గుండ్లు, స్ప్రింగులు ఉన్న ఆటో అడ్వాన్సు ఉంటుంది. ఇంజను వేగం పెరిగితే గుండ్లు బయటికి విచ్చుకుని స్పార్కును ముందుకి జరుపుతాయి, ఆగితే స్ప్రింగులు వెనక్కి లాగుతాయి. తుప్పుపట్టి గుండ్లు విచ్చుకున్న చోటే ఇరుక్కుంటే, కిక్కు కొట్టే వేగానికి కూడా స్పార్కు ముందుగానే పడుతుంది. పిస్టను పైకి రాకముందే పేలి రాడ్డును వెనక్కి విసురుతుంది. బుల్లెట్ కిక్కుకి చీలమండ వాచినవాళ్ళు ఆ బండిని తిట్టుకుంటారు. తిట్టాల్సింది పావలా కాసంత స్ప్రింగుని. పాయింట్ల క్యామ్‌ను వేళ్ళతో మెల్లగా తిప్పి వదిలితే ఠప్పున వెనక్కి రావాలి. బద్ధకంగా వస్తే విప్పి శుభ్రం చేసి సన్న నూనె వేయాల్సిందే.

ఇక అందరూ చేసే పరీక్ష, ప్లగ్గు విప్పి హెడ్డుకి ఆనించి కిక్కు కొట్టి చూడటం. మంచిదే. ఈ పరీక్షలో ఒక మోసం ఉంది. బయటి గాలిలో ప్లగ్గు సందును స్పార్కు తేలిగ్గా దాటేస్తుంది. సిలిండరులో పిస్టను నొక్కిన దట్టమైన గాలిలో అదే సందు దాటడానికి ఎన్నో రెట్లు వోల్టేజీ కావాలి. బయట ఎర్రగా సన్నగా మెరిసిన స్పార్కు లోపల ఆరిపోతుంది. ‘స్పార్కు వస్తోంది కదా, ఇక కార్బొరేటరే’ అని తీర్పు చెప్పేసి, బాగున్న కార్బొరేటరును నాశనం చేసిన సందర్భాలు కోకొల్లలు. అందుకే క్యాప్ తీసేసి, నల్ల వైరు కొసను హెడ్డుకి 5, 6 మిల్లీమీటర్ల దూరంలో పెట్టి చూడాలి. అంత సందును దాటి నీలంగా, చిటపటమని చప్పుడుతో దూకితే అది స్పార్కు. అంతకంటే దూరం పెట్టి కొట్టొద్దు. దాటే దారి దొరకని వోల్టేజీ కాయిల్ లోపలి ఇన్సులేషన్ మీద పడుతుంది. వైరును చేత్తో కాకుండా ఇన్సులేషన్ ఉన్న పట్టకారతో పట్టుకోండి. పక్కన పెట్రోలు చెమ్మ లేకుండా చూసుకోండి. ప్లగ్గు విప్పిన రంధ్రంలోంచి కిక్కుకి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది, స్పార్కు పక్కనే ఉంటుంది. ఇది బెదిరింపు కాదు.

క్యాప్ తీసి చూస్తే స్పార్కు బాగుండి, క్యాప్ పెడితే పీలగా ఉంటే క్యాప్ మార్చాలి. చవకైన మరమ్మతే.

అన్నిటికంటే ఎక్కువ మందిని తిప్పలు పెట్టే జబ్బు ఇంకోటి ఉంది. పొద్దున ఒక్క కిక్కుకే లేస్తుంది. ఇరవై నిమిషాలు హాయిగా పోతుంది. తర్వాత రెండుసార్లు సైలెన్సరులో డబ్‌మని పేలి ఆగిపోతుంది. అరగంట చెట్టు కింద కూర్చుంటే మళ్ళీ ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. మెకానిక్కు దగ్గరికి తోలుకెళ్ళేసరికి చల్లబడి బాగా నడుస్తుంది. పంటి నొప్పి డాక్టరు గుమ్మం దగ్గర తగ్గినట్టు.

ఇది చాలావరకు కండెన్సర్ గానీ కాయిల్ గానీ. రెండిటి లోపలా పొరలు పొరలుగా ఇన్సులేషన్ ఉంటుంది. వేడికి అది సడలి, లోపల కరెంటు కారిపోతుంది. చల్లబడితే మళ్ళీ సర్దుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు మీటరు పెట్టి ‘బాగానే ఉంది’ అనడంలో అర్థం లేదు. ఆగిన చోటే, ఆగిన రెండు నిమిషాల్లోనే స్పార్కు చూడాలి. అందుకే ప్లగ్గు పానా ఇంట్లో కాదు, బండిలో ఉండాలి. పాయింట్లు విడిపోయేటప్పుడు వాటి మధ్య పెద్ద మంట కనిపిస్తే కండెన్సర్ వైపు మొగ్గు. చిన్న మెరుపు మామూలే. తేల్చుకోవడానికి ఏ పాత స్కూటరు కండెన్సరైనా చాలు: బండిలోని కండెన్సర్ వైరు ఊడదీసి, స్కూటరుదాని వైరును పాయింట్ల వైరుకీ డబ్బాను ఇంజను బాడీకీ తగిలించి కిక్కు కొట్టండి. బండి నడిస్తే అలాగే గుడ్డపీలికతో కట్టుకుని ఇంటికి వచ్చేయొచ్చు. కొంతమంది కండెన్సర్‌ను శాశ్వతంగా ఇంజను వేడికి దూరంగా, పైన కాయిల్ పక్కన బిగించుకుంటారు. మంచి ఆలోచనే.

కాయిల్‌ని మాత్రం మల్టీమీటరు పూర్తిగా పట్టలేదు. లావు చుట్ట ఒకటి రెండు ఓమ్‌లు, 12 వోల్టులదైతే మూడు నాలుగు, సన్న చుట్ట కొన్ని వేల ఓమ్‌లు. చుట్ట తెగిపోతే తెలుస్తుంది. పక్కపక్క చుట్లు రెండు కలిసిపోతే కొలతలో తేడా కనిపించదు, స్పార్కులో కనిపిస్తుంది.

ఇదంతా చెప్పాక, సరిగ్గా ఇవే లక్షణాలున్న ఇంకో జబ్బు చెప్పకపోతే అన్యాయం. పెట్రోలు ట్యాంకు మూతకి గాలి పోయే సన్న బెజ్జం ఉంటుంది. అది మట్టితో మూసుకుపోతే, పెట్రోలు దిగేకొద్దీ ట్యాంకులో గాలి పలచబడి, ఇరవై నిమిషాలకి పెట్రోలు దిగడం ఆగిపోతుంది. కాసేపు ఆగితే ఎలాగోలా గాలి దూరి మళ్ళీ నడుస్తుంది. వేడికి ఆగిన కాయిల్‌కీ దీనికీ రోడ్డు మీద తేడా తెలియదు. కాబట్టి ఆగగానే మొదట చేయాల్సింది మూత తెరవడం. ‘సుస్’‌మని గాలి పీల్చిన చప్పుడు వచ్చిందంటే కాయిల్ కొనే డబ్బులు మిగిలినట్టే.

ఇక మా బండి దగ్గరికి. నాలుగు కొత్త సామాన్లతో నిలబడ్డ దాన్ని ఆదివారం పూట ముందేసుకుని, మొదటిసారి ముల్లును సరిగ్గా చూశాను. ఊగుతోంది. కానీ అరకొరగా. ఇదివరకు 4 దాకా పోయేది ఇప్పుడు 3 కూడా దాటడం లేదు. మల్టీమీటరు తీసి, పాయింట్లు కలిసి ఉండగా కాయిల్ రెండు కొసల మధ్య కొలిచాను: 3.9 వోల్టులు. బ్యాటరీ దగ్గర 6.2. మిగిలిన 2.3 ఏమయ్యాయి? మీటరు ఒక కొస బ్యాటరీ ఎర్త్ టెర్మినల్ మీద, రెండో కొస ఇంజను రెక్క మీద పెట్టాను. ఉంటే సున్నాకి అటూ ఇటూ ఉండాలి. ఆ 2.3 వోల్టులు అక్కడ ఉన్నాయి.

ఎర్త్ వైరు బోల్టు కింద పౌడర్ కోటింగ్. ఇంజను ఛాసిస్‌కి ఆనే చోట పౌడర్ కోటింగ్. కరెంటు వెళ్ళే దారిని అందరూ వైరుతో వేస్తారు, తిరిగొచ్చే దారి మాత్రం ఇనుమే కదా అని వదిలేస్తారు. ఆ ఇనుముకి నేనే డబ్బులిచ్చి ప్లాస్టిక్ పూయించాను. బోల్టు మర దగ్గర గీసుకున్న ఏ చిన్న చోటు నుంచో తొమ్మిది రోజులు కరెంటు పాకుతూ వచ్చి, అక్కడ తుప్పు పట్టేసరికి ఆగిపోయింది. కాయిల్‌లో నిలిచే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి మారుతుంది. 4 ఆంపియర్లు పారాల్సిన చోట 2.6 పారితే మిగిలే శక్తి 42 శాతమే. అంత పీల స్పార్కుతో ఏ ప్లగ్గు పెట్టినా ఒకటే.

బోల్టు కింద రంగు గీకి, తళతళలాడే ఇనుము కనిపించాక వాసెలిన్ పూసి బిగించి, దాంతోపాటు ఇంజను బాడీ నుంచి నేరుగా బ్యాటరీకి ఒక లావు వైరు అదనంగా వేశాను. రెండో కిక్కుకి లేచింది. పాత బండికి కొత్త రంగు వేయించే ప్రతి ఒక్కరికీ నేను మొదట చెప్పేది ఆ అదనపు వైరు గురించే.

తిరిగొచ్చే దారి పాడైతే ఇంజనే కాదు, లైట్లూ వింతగా ప్రవర్తిస్తాయి. బ్రేకు నొక్కితే వెనక లైటు మసకబారడం, ఇండికేటరు వేస్తే ఇంకేదో మిణుకుమనడం. దారి దొరకని కరెంటు పక్క బల్బు గుండా తిరిగి వెళ్ళడానికి ప్రయత్నిస్తోందన్నమాట. అలాంటప్పుడు బల్బులు మార్చడం అనవసరం.

వైర్ల విషయంలో పెద్దగా చెప్పడానికి లేదు, ఒక్క చోటు తప్ప. హ్యాండిల్ తిరిగే మెడ దగ్గర వైర్ల కట్ట ఏళ్ళ తరబడి వంగుతూ ఉంటుంది. పైన తొడుగు బాగానే ఉంటుంది, లోపల పోగులు తెగిపోతాయి. హ్యాండిల్ ఎడమకి తిప్పినప్పుడు మాత్రమే బండి ఆగితే ఇంకెక్కడా వెతకొద్దు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్ళలో బండికి ఇంకో కష్టం: రాగి తీగ తొడుగు లోపలే పచ్చగా చిలుము పట్టిపోతుంది. కొస కత్తిరిస్తే లోపల రాగి రంగు కనిపించాలి. నల్లగానో పచ్చగానో ఉంటే ఆ వైరు మొత్తం మార్చాలి. టేపు చుట్టిన ప్రతి అతుకు దగ్గరా ఎప్పటిదో ఒక తొందర మరమ్మతు ఉంటుంది. విప్పి చూడండి.

రాత్రిపూట మాత్రమే మిస్సింగ్ వచ్చే బండి సంగతి వేరు. అక్కడ లెక్క చూసుకోవాలి. 6 వోల్టుల బండిలో 35 వాట్ల హెడ్‌లైటు దాదాపు 6 ఆంపియర్లు లాగుతుంది. వెనక బల్బు ఒకటి, ఇగ్నిషన్ రెండో మూడో. మొత్తం 9 దగ్గరికి వస్తుంది. సిగ్నల్ దగ్గర ఇంజను ‘డుగ్గు డుగ్గు’ అని నెమ్మదిగా కొట్టుకుంటున్నప్పుడు కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు అంత ఇవ్వలేదు. లోటు బ్యాటరీ భరిస్తుంది. బ్యాటరీ ముసలిదైతే వోల్టేజీ పడిపోయి స్పార్కు చిక్కిపోతుంది. దీనికి తోడు వెలుతురు చాలడం లేదని పెద్ద బల్బు వేస్తే లోటు ఇంకా పెరుగుతుంది. ఇంజను ఓ మోస్తరు వేగంలో ఉండగా 6 వోల్టుల బ్యాటరీ దగ్గర 7 దాకా, 12 వోల్టులదైతే 14 దగ్గర మీటరు చూపించాలి. చూపించకపోతే ఆ కరెంటును బ్యాటరీకి పనికొచ్చేలా మార్చే రెక్టిఫయరు, ఆల్టర్నేటరు కాయిల్స్, వాటి కనెక్షన్లు. పాత బండి మీద కొత్త బ్యాటరీ వేసేముందు ఇంకో మాట: ఏ కొస ఎర్త్ అయిందో చూసుకోండి. పాత ఇంగ్లీషు బళ్ళలో ప్లస్ కొస ఎర్త్ చేసేవాళ్ళు. అలవాటు ప్రకారం మైనస్ తగిలిస్తే రెక్టిఫయరు మాడిపోతుంది.

ఇంత గొడవెందుకు, పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించుకోవచ్చు కదా అని అడుగుతారు. పెట్టించుకోవచ్చు. అరగదు, సర్దనక్కర్లేదు. రోజూ ఆఫీసుకి వెళ్ళే బండి అయితే అదే మేలు. నేను మాత్రం పెట్టించలేదు. ఎలక్ట్రానిక్ డబ్బా పోతే నల్లగొండ దాటిన రోడ్డు మీద దానితో చేయగలిగింది ఏమీ లేదు. పాయింట్లయితే బ్లేడు ముక్క, తెల్ల కాయితం ఉంటే ఇల్లు చేరతాను.

మార్చి తీసేసిన ఆ నాలుగు పాత సామాన్లూ మెకానిక్కు ఒక డబ్బాలో వేసి ఇచ్చాడు. తర్వాత ఒక్కొక్కటే బండికి తగిలించి చూశాను. నాలుగూ బాగానే ఉన్నాయి. కాయిల్, కండెన్సర్, పాయింట్లు ఇప్పుడు టూల్‌బాక్సులో గుడ్డలో చుట్టి ఉన్నాయి. పాత మైకో కంపెనీ ప్లగ్గు మాత్రం తుడిచి, సందు సరిచేసి, మళ్ళీ బండికే పెట్టాను.